రిబ్బను కట్టని తలుపు

ఉద్యోగంలో కొత్తగా చేరిన గ్రంథపాలకులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్ళు పుస్తకాల గురించి అడుగుతారు. ఏవి ఎక్కువ పోయేవి, చెదలు పడితే ఏం చేసేవాళ్ళు, పాఠకులు పేజీలు చింపితే ఎట్లా పట్టుకునేవాళ్ళు, ఇట్లాంటివి. నేనేమో కుర్చీల గురించి మొదలుపెడతాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకుంటారు కావచ్చు. అనుకోనివ్వండి. జీతం తీసుకున్నన్నాళ్ళూ పుస్తకాలకు దుమ్ము దులిపిన నాకు, మనిషి చదవాలంటే ముందు సరిగ్గా కూర్చోవాలని తెలిసింది చివరి పోస్టింగులో, ఎల్లారెడ్డిలో. ఆ ముచ్చట మీకు కూడా చెప్తాను.

అంతకుముందు దోమకొండలో, ఆ తర్వాత కామారెడ్డిలో పనిచేశాను. ఎల్లారెడ్డికి వచ్చేసరికి రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. పాత భవనం, ఎత్తు అరుగు, నున్నగా అరిగిపోయిన మెట్లు. కథల కోసం, నవలల కోసం వచ్చేవాళ్ళు తక్కువ. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే ఆడపిల్లలు, మగపిల్లలే ఎక్కువ. మేం తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఒక సద్ది డబ్బా, ఒక నీళ్ళ సీసా, ఒక దస్తీ రుమాలు. దస్తీని కుర్చీకి కట్టారంటే ఆ రోజుకు ఆ కుర్చీ వాళ్ళది. దానికి తిరుగులేదు. కలెక్టరు వచ్చినా దస్తీ విప్పి కూర్చోలేడు.

ఆ కుర్చీల కోసం అంత పోటీ ఎందుకో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. సగం ఇనుప మడత కుర్చీలు, సగం వీపు లేని బెంచీలు. కొందరు ఇంటినుంచి బొంత మడతపెట్టి తెచ్చుకునేవాళ్ళు. పొట్టిగా ఉన్న ఆడపిల్లలు కాళ్ళు నేలకు అందక కింద ఇటుక పెట్టుకునేవాళ్ళు. ఆ గదికి ఒక చప్పుడుండేది. కుర్చీ కిర్రుమనడం, బెంచీ కాలు బండ మీద గీసుకోవడం, ఎవరో మెడ విరుచుకోవడం, ఎవరో మోకాలు ఆడించడం, ఒకరు ఆపితే ఇంకొకరు. ఫ్యాను చప్పుడులాగే అదీ లైబ్రరీలో ఒక భాగమనుకున్నాం, నేనూ మా అటెండరూ.

అటెండరంటే నాకంటే ముందునుంచీ అక్కడున్న మనిషి. ఊరంతా ఆయనను చాచా అంటుంది. తెల్లని టోపీ, జేబులో ఎప్పుడూ ఇన్ని సోంపు గింజలు. సర్కారు వస్తువంటే ఆయనకు దేవుడి సొమ్ముతో సమానం. పాత అట్టపెట్టె పారేయాలన్నా నాతో మూడుసార్లు చెప్పించుకునేవాడు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమెది లింగంపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. తల్లి బీడీలు చుట్టి డిగ్రీ దాకా చదివించింది. ఆ తర్వాత మా లైబ్రరీ వెనక గల్లీలో ఉన్న చిన్నమ్మ ఇంట్లో ఉండి కొలువు పరీక్షలకు తయారయ్యేది. చక్రాల కుర్చీని తన చేతులతోనే తోసుకుంటూ వచ్చేది. మొదటి రోజు చాచా, ఇద్దరు పిల్లలు కలిసి ఆమెను కుర్చీతో సహా మెట్లెక్కించబోతే చెయ్యి అడ్డంపెట్టింది.

“వద్దు చాచా. పొద్దుగాల ఎత్తుతరు, మాపటికి దించుతరు. నడుమ నాకు బయటికి పోవాలంటె ఎవల్ని పిలవాలె? అందరు చదువుకునెటోళ్ళే. నేను గీ రేకుల కింద కూసుంట. పుస్తకం మటుకు తెచ్చియ్యి.”

సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు అది. రెండేండ్లు ఆమె అక్కడే చదివింది. ఎండాకాలం రేకులు మండిపోయేవి. వానాకాలం జల్లు కొడితే కుర్చీ ఇటు తిప్పుకునేది, అటు తిప్పుకునేది. ఒళ్ళో పుస్తకం, పుస్తకం మీదికి వంగిన తల. నేను ఎప్పుడు అటు పోయినా ఆమె పాపిట కనబడేది. ఆమె ముఖం కంటే నాకు ఆ పాపిటే బాగా గుర్తుండేది.

అప్పుడే మా ఆవరణలో కొత్త రీడింగ్ హాలు మంజూరై, కట్టడం కూడా అయిపోయింది. గోడలు లేచాయి గానీ లోపల కూర్చోవడానికి ఏమీ లేదు. ఆ సమయానికి మస్కట్ నుంచి ఒకాయన సెలవు మీద వచ్చాడు. లింగంపేట వైపు మనిషే. అక్కడ ఆఫీసులకు కుర్చీలు, బల్లలు బిగించే కంపెనీలో మేస్త్రీ. ఆయన రాకముందే ఆయన అత్తరు వాసన వచ్చేది. తమ్ముడి కొడుకును వెతుక్కుంటూ మా పాత గదిలోకి వచ్చి, అక్కడి కుర్చీలు చూసి నెత్తి పట్టుకున్నాడు.

“ఏంది సార్ గిది? గీ కుర్చీలల్ల కూసుంటె కొలువు వచ్చేలోపట్నే నడుము పోతది. మస్కట్‌ల పెద్దపెద్ద ఆఫీసర్ల నడుములు సక్కగ చేసినోణ్ణి నేను. మన పోరగాండ్ల నడుములకు ఏం పాపమైంది?”

గొప్పలు చెప్పే మనిషి పని చేయడని నాకో నమ్మకం ఉండేది. ఆయన దాన్ని తలకిందులు చేశాడు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళందరినీ పోగుచేసి, కొత్త హాలుకు సామానంతా తామే ఇస్తామని ఒప్పించాడు. టేపు పట్టుకుని వచ్చి, దసరాకు దర్జీ కొలిచినట్టు పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి కొలిచాడు. మోకాలి నుంచి మడమ దాకా, కూర్చున్నచోటి నుంచి మోచేయి దాకా. చివరికి రేకుల షెడ్డు కిందికి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నీకెట్లాంటి కుర్చి కావాలె చెల్లె?” అన్నాడు.

“నా కుర్చి నేనే తెచ్చుకుంట గదా అన్నా. అందరికి కుర్చి లేక తిప్పలు, నాకు కుర్చి ఉండి తిప్పలు. నాకు బల్ల కావాలె. నా మోకాళ్ళకు తగలకుండ, నా కాడికి వచ్చే బల్ల.”

ఆయన వెంటనే ఆమె చక్రాల వెడల్పు, చేతుల ఎత్తు కొలుచుకుపోయాడు. సామాను వచ్చింది. వీపు వంపుకు తగ్గట్టు వంగిన కుర్చీలు, కాళ్ళు ఆనించుకోవడానికి పీటలు, పుస్తకం ఏటవాలుగా నిలబడే పలకలు. వాటి మధ్యలో పక్కన పిడి తిప్పితే పైకి కిందికి కదిలే ఒక బల్ల. చక్రాల కుర్చీ లోపలికి దూరేటట్టు దాని ముందు భాగం లోపలికి వంపు తిరిగి ఉంది. అన్నీ ఆయనే బిగించాడు. సెలవు అయిపోయి వెళ్ళేముందు, “కవర్లు తీసేయుండ్రి సార్, గాలాడది,” అని చాచాకు వినబడేటట్టు చెప్పి మరీ పోయాడు. చాచా తల ఊపాడు. కవర్లు మాత్రం తీయలేదు.

ఇంతవరకు అంతా బాగుంది. ఇక మనవాళ్ళ తెలివి మొదలవుతుంది.

హాలుకు ముందువైపు మెట్లు, మెట్ల పక్కన ర్యాంపు. మంచి ర్యాంపే, వాలు సరిగ్గా కుదిరింది. అయితే శిలాఫలకం పెట్టాలి కదా. పెద్దాయన, అంటే మా ప్రాంతపు నాయకుడు, ఆయన పేరు పైన, మిగతావాళ్ళ పేర్లు కింద. రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడాలి. కాంట్రాక్టరు అటు చూశాడు, ఇటు చూశాడు, ర్యాంపు మొదట్లో ఆయనకు సాఫుగా ఉన్న జాగా దొరికింది. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, చుట్టూ నాపరాయి దిమ్మె. నేను మరునాడు పొద్దున చూసేసరికి సిమెంటు ఆరిపోయింది. మేక కూడా పక్కకు తిరిగి పోవాల్సినంత సందు మిగిలింది.

కాంట్రాక్టరును పట్టుకుని అడిగాను. ఆయనకు నా బాధే అర్థం కాలేదు.

“దాన్ని కదపాలంటె దాని మీద ఉన్న పేర్లోళ్ళందరు ఒప్పుకోవాలె సార్. ముందుగాల ఎవల పేరును లేపమంటరు, మీరే చెప్పుండ్రి.”

పై అధికారికి ఫోన్ చేస్తే, ప్రారంభోత్సవం కానీయండి, తర్వాత చూద్దామన్నారు. ముందు తలుపుకు రిబ్బను కట్టించారు, తాళం వేయించారు. పెద్దాయన చేతుల మీదుగా తెరిచేదాకా లోపల ఎవరూ కాలు పెట్టొద్దని చెప్పారు. ఆ తేదీ వస్తుంది, పోతుంది. ఒకసారి సభలు నడుస్తున్నాయన్నారు, ఒకసారి ఎవరిదో పెళ్ళన్నారు, తర్వాత మూఢం వచ్చిందన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు కదా, అట్లా మా పిల్లలు పాత గదిలో ఇనుప కుర్చీల మీద కిర్రుకిర్రుమంటూనే ఉన్నారు. కొత్త కుర్చీలు పాలిథీన్ కవర్లలో హాయిగా కూర్చున్నాయి. చాచా రోజూ కిటికీలోంచి వాటిని చూసి, దుమ్ము పడలేదని తృప్తిపడేవాడు.

ఒకరోజు నేను షెడ్డు దగ్గర నిలబడి ఏదో మాట్లాడుతుంటే ఆ అమ్మాయి చేతిలోంచి కలం జారిపోయింది. తీసి ఇచ్చాను. మళ్ళీ జారింది. ఆమె కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో పట్టుకుని పిసుక్కుంది.

“ఏమైందమ్మా?”

“తిమ్మిరి సార్. మెడ కాడ షురువైతది, వేళ్ళ దాక దిగుతది. మొన్న కామారెడ్డి పోయి చూపిచ్చుకున్న. గిట్లనే వంగి చదివితె చెయ్యి మాట వినది అన్నడు డాక్టర్. చదువు బందు పెట్టు, లేకపోతె కూసునే తీరు మార్చు అన్నడు.” ఆమె నవ్వింది. “గీ చెయ్యికి రెండు కొలువులు సార్. రాసుడు ఇదే, కుర్చి తోసుడు ఇదే. ఇది పోతె నేను ఇంట్ల మూలకు కూసోవాలె. పరీక్ష దగ్గరికొచ్చింది.”

ఆ షెడ్డు ముందే, పది అడుగుల దూరంలో, కొత్త హాలు గోడ. ఆ గోడకు అవతల ఆమె కొలతలతో చేసిన బల్ల. మధ్యలో ఒక గుడ్డపేలిక, ఒక నల్లరాయి. ఆఫీసుకు పోయి మళ్ళీ పై అధికారికి ఫోన్ చేశాను. ఈసారి గొంతు పెంచాను కూడా. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమన్నారు. తిరిగొచ్చి ఆమెకు అదే మాట చెప్పాను. చాచా కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమె మా ఇద్దరినీ కాదు, గోడను చూస్తోంది.

“సార్, ఒక్క మాట అడగాల్నా? ముందటి తలుపుకు రిబ్బన్ కట్టిండ్రు గదా. మరి గీ వెనక తలుపుకు?”

హాలుకు వెనకవైపు ఒక తలుపుంది. కట్టినవాళ్ళు ఎందుకు పెట్టారో కూడా ఎవరూ అడగలేదు. మేము దానికి లోపలివైపు పాత పేపర్ల కట్టలు పేర్చాం. అటువైపు నేల ఎత్తుగా ఉండటం వల్ల మెట్టు లేదు, గడప లేదు. షెడ్డు నుంచి నేరుగా సమంగా పోవచ్చు. ఇన్నాళ్ళుగా ఆ తలుపును మా ఇద్దరిలో ఎవరమూ తలుపుగా చూడలేదు.

“వెనక తలుపుకు ఎవరు కడతారమ్మా రిబ్బను?” అన్నాను.

“మరి కట్టకపోతె, అది తీస్తె ప్రారంభం అయినట్టు గాదు గదా?”

“తౌబా తౌబా!” అన్నాడు చాచా. “సార్ నౌకరి పోతది బేటీ!”

“సార్ నౌకరి ఎట్లయినా కొన్ని దినాలల్ల పోయేదే గదా చాచా. నాదైతె ఇంక రానేలేదు.”

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఆఫీసు గదికి పోయి తాళంచెవుల గుత్తి తెచ్చాను. చాచా నన్ను చూసి, ఆకాశం వైపు చూసి, ఊచలు బిగించని పక్క కిటికీలోంచి లోపలికి దూరి పేపర్ల కట్టలు జరపడం మొదలుపెట్టాడు. వాన తడికి గడియ అప్పుడే తుప్పు పట్టింది. కొబ్బరినూనె పోసి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే కదిలింది.

ఆమె చక్రాలు తోసుకుంటూ లోపలికి పోయింది. అంతే, పోయింది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ తోయలేదు. నేనూ చాచా ఆమె వెనక నడిచాం. బల్ల కిందికి ఆమె కుర్చీ ఎక్కడా తగలకుండా దూరింది. పిడి తిప్పింది. బల్ల మెల్లగా దిగి వచ్చి ఆమె మోచేతుల కింద ఆగింది. ఏటవాలు పలక మీద పుస్తకం పెట్టింది. పుస్తకం ఇప్పుడు ఒళ్ళో కాదు, కళ్ళ ముందుంది. దానితోపాటే ఆమె తల లేచింది. మెడ నిలబడింది, భుజాలు దిగాయి, వీపు కుర్చీకి ఆనింది. రెండేండ్లుగా పాపిటే చూసినవాణ్ణి, ఆమె అంత పొడవు మనిషని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఆమె పుస్తకం మీదినుంచి ఎదుటి గోడ వైపు చూసింది. తర్వాత అంది.

“గడియారం కనబడుతున్నది సార్. చదువుకుంట గడియారం చూసుడు నాకు గిదే మొదలు.”

నేను బయటికి వచ్చి షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఎన్ని వేల పుస్తకాలు చేతులు మార్చి ఉంటాను! ఒక మనిషి తల ఎత్తడం ఇంత పెద్ద సంగతని ఒక్క పుస్తకమూ నాకు చెప్పలేదు, లేదా చెప్పినా నాకు ఎక్కలేదు. చాచా కూడా బయటికొచ్చాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. జేబులోంచి సోంపు తీసి నాకింత ఇచ్చి, తనింత నోట్లో వేసుకున్నాడు.

ఆ రహస్యం దాగుతుందా? మరునాడు ఆమెకు తోడుగా ఇంకో అమ్మాయి కూర్చుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి చెల్లెలు. నేను చూసీ చూడనట్టున్నాను. వారం తిరిగేసరికి పాత గదిలో దస్తీలు కనబడటం మానేశాయి. అవన్నీ కొత్త హాలు కుర్చీలకు కట్టి ఉన్నాయి. ముందు తలుపుకు రిబ్బను అట్లాగే ఉంది, తాళం తాళంలాగే ఉంది. వెనకనుంచి ఊరు ఊరంతా వచ్చి చదువుకుంటోంది.

ఒక్క చిక్కు మిగిలింది. చాచా కుర్చీల కవర్లు తీయనివ్వలేదు. ప్రారంభోత్సవం నాడు కొత్తగా కనబడాలని ఆయన పట్టు. పిల్లలు కదిలినప్పుడల్లా గది నిండా పరపరమని చప్పుడు. పైగా పాలిథీన్ మీద జారిపోతూ ఒక్కరూ నిటారుగా నిలవలేకపోయారు. ఇంత మంచి కుర్చీలిచ్చినా మన పిల్లలకు కూర్చోవడం రాదని నేను విసుక్కున్నాను కూడా. ఆ అమ్మాయే చాచాను పిలిచి పక్క కుర్చీలో కూర్చోమంది. కూర్చున్నాడు. మెల్లగా జారాడు. సర్దుకున్నాడు, మళ్ళీ జారాడు.

“చాచా, మీ ఇంట్ల ఫ్రిజ్‌కు గూడ కవర్ తియ్యలేదంట గదా?”

“ఎందుకు తియ్యాలె? పాతగైతది.”

“ఇప్పుడు కొత్తగున్నదా మరి?”

“లేదు, పాతగైంది. కవర్ లోపట్నే పాతగైంది,” అన్నాడు చాచా కాస్త ఆలోచించి. లేచి, తాను కూర్చున్న కుర్చీ కవరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. మిగతావాళ్ళు ఆయన సైగ కోసమే కాచుకున్నట్టున్నారు. గది నిండా కవర్లు చిరిగిన చప్పుడు. తర్వాత అందరూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఏమీ వినబడలేదు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. కిర్రుమనడం లేదు, గీసుకోవడం లేదు, మోకాలి ఊపు లేదు. పేజీ తిప్పిన చప్పుడు ఒక్కటే. అన్నేండ్ల ఉద్యోగంలో నిజమైన నిశ్శబ్దం నేను అప్పుడే విన్నాను. గోడ మీద నిశ్శబ్దం పాటించండి అని బోర్డులు రాయించి తగిలించినవాణ్ణి నేనే. ఇన్నాళ్ళూ ఆ పిల్లల నడుములే నాకు జవాబు చెబుతూ వచ్చాయి కాబోలు.

ఇక ఆ రోజు. పొద్దున్నే కబురు వచ్చింది, పెద్దాయన మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తున్నారని. మేం ఒక ఉపాయం అనుకున్నాం. పన్నెండు గంటల దాకా అందరూ చదువుకోవాలి, తర్వాత వెనకనుంచి బయటికి రావాలి, రిబ్బను కత్తిరించాక ముందునుంచి కొత్తగా లోపలికి పోవాలి. చాచా చిరిగిన కవర్లు కొన్ని ఏరి మళ్ళీ తొడగబోయాడు గానీ, నేను వద్దన్నాను.

నా సర్వీసులో నాయకుడు చెప్పిన సమయం కంటే ముందు రావడం ఆ ఒక్కసారే. బీర్కూర్‌లో ఎవరిదో దినకర్మ ఉందట, అటు పోతూ ఇటు దిగిపోదామనుకున్నారు. పదకొండు కాకముందే కార్లు వచ్చి ఆగాయి. నేను పరుగున ముందు తలుపు దగ్గరికి వచ్చాను. అప్పటికే వెనక గల్లీలోంచి అతిథుల కోసం టెంట్ హౌస్ వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు. వాళ్ళ వ్యాను సరిగ్గా వెనక తలుపుకు అడ్డంగా నిలబడింది. డ్రైవరు చాయ్ తాగడానికి పోయాడు. చాచా నా చెవిలో ఊదాడు.

“సార్, అందరు లోపట్నే ఉన్నరు. వ్యాన్ అడ్డమున్నది. ఎల్లేటట్టు లేదు.”

నా చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కత్తెర. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పెద్దాయన రిబ్బను కత్తిరించారు, చప్పట్లు. చాచా ముందు తాళం తీశాడు. తలుపు తెరుచుకుంది.

గది నిండా మనుషులు. అందరి ముందూ పుస్తకాలు. ఎప్పుడూ ఎవరూ అడుగుపెట్టని కొత్త హాలు! పెద్దాయన గడపలోనే ఆగిపోయారు. ఫొటోలు తీసేవాడు కూడా కెమెరా దించేశాడు.

మా వైపు పెద్దమనిషి వస్తే లేచి నిలబడటం చిన్నప్పుడే ఎముకల్లోకి ఎక్కుతుంది. ముందు వరుసవాళ్ళు గబుక్కున లేవబోయారు. సగం లేచారు. అప్పుడు వాళ్ళ చూపు గది మధ్యలోకి పోయింది. ఆమె తన బల్ల ముందు నిటారుగా కూర్చుని తలుపు వైపే చూస్తోంది. ఆమె లేవలేని మనిషి కదా. సగం లేచిన ఒక అమ్మాయి ఆమెను చూసి తిరిగి కూర్చుంది. పక్కవాడు కూర్చున్నాడు. ఒకరి వెనక ఒకరు, ఎవరూ చెప్పకుండానే, అందరూ కూర్చున్నారు. ఈ రోజుకీ ఆ క్షణం తలచుకుంటే నా చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి.

“ఏందిరా గిది? సార్ వస్తె లేవరా?” అని వెనకనుంచి ఎవరో అరిచాడు. పెద్దాయన చెయ్యెత్తి అతన్ని ఆపారు. మెల్లగా నడిచి ఆమె దగ్గరికి పోయారు. నేను నా నౌకరీకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

“ఏమమ్మా, రిబ్బన్ ఇప్పుడే గదా కోస్తి. నువ్వు లోపటికి ఎట్ల వచ్చినవు?”

“వెనక తలుపు నుంచి సార్.”

“వెనక నుంచి ఎందుకొచ్చినవు? నీ అసొంటోళ్ళ కోసమే ముందట ర్యాంప్ కట్టిచ్చినం గదా.”

ఆమె గొంతులో వెటకారం లేదు, భయమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“కట్టిచ్చిండ్రు సార్. దాని మీద మీ పేరున్నది.”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. చుట్టూ చూశారు. ఎవరూ కళ్ళు కలపలేదు. అప్పుడు వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బయటికి నడిచి, మెట్లు దిగి, ర్యాంపు మొదట్లో నిలబడ్డారు. తన పేరును తానే మొదటిసారి చూస్తున్నట్టు ఆ రాయిని చూశారు. పక్కనున్న సందు చూశారు. కాంట్రాక్టరు జనంలో వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు.

“తియ్యుండ్రి దీన్ని,” అన్నారు పెద్దాయన. “గోడకు పెట్టుండ్రి.”

చాయ్ తాగకుండానే కారెక్కారు. అది కోపమో సిగ్గో నాకు ఇప్పటికీ తెలియదు. మంచి మనిషని గొప్పగా చెప్పను, చెడ్డవాడనీ అనను. అడ్డం చూపించగానే తీయమన్నాడు. అంతమాత్రం చేసేవాళ్ళు కూడా తక్కువే.

నాలుగు రోజులకు పై అధికారి నుంచి ఫోన్ వచ్చింది, ప్రారంభం కాకముందే తలుపు ఎవరు తీశారని. రిబ్బను కత్తిరించేదాకా ఆ తలుపు ఎవరూ ముట్టుకోలేదండి, తాళం చాచా దగ్గరే ఉంది, అన్నాను. అది నిజమే కదా. ఆయన నవ్వాపుకుంటున్నట్టు దగ్గి, ఫోన్ పెట్టేశారు.

రాయిని తవ్వేటప్పుడు ర్యాంపు కూడా పగిలింది. కొత్తగా పోయాల్సి వచ్చింది. పోసిన సాయంత్రం కాంట్రాక్టరు నా దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ, “ర్యాంప్ ప్రారంభం ఎవరితోని చేపిద్దాం సార్?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే చాచా చీపురు ఎత్తాడు. అప్పటికే ఆ అమ్మాయి ఇంటికి పోవడానికి ముందు తలుపులోంచి బయటికొచ్చింది. పొద్దున పోసిన సిమెంటు పైన బిగిసింది గానీ ఇంకా పచ్చిగానే ఉంది. వద్దు వద్దని కాంట్రాక్టరు అరుస్తూనే ఉన్నాడు. ఆమె చక్రాలు వదిలేసింది. సర్రున దిగి రోడ్డు మీద ఆగి, వెనక్కి తిరిగి మా ముగ్గురినీ చూసి నవ్వింది. ఆ రెండు చక్రాల గీతలు ఇప్పటికీ ఆ ర్యాంపు మీదున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు పని సరిగ్గా చేయలేదనుకుంటారు.

ఆమె పరీక్ష తన చేత్తోనే రాసింది. నేను రిటైరయ్యాక, ఒకరోజు పని మీద కామారెడ్డిలో ఒక ఆఫీసుకు పోతే, ఎవరో “సార్!” అని పిలిచారు. తల ఎత్తి పిలిచారు కాబట్టి వెంటనే గుర్తుపట్టాను. ఫైళ్ళ మధ్య, తన ఎత్తుకు సరిపోయిన బల్ల ముందు, తన కుర్చీలో కూర్చుంది. చాయ్ తెప్పించింది. చాచా బాగోగులు అడిగింది. ఫ్రిజ్ కవరు తీశాడా లేదా అని కూడా అడిగింది. లేచి వచ్చేటప్పుడు నేను ఊరికే అడిగాను.

“మొదటి రోజు ఇక్కడికి రాంగనే ఏం చూసినవు బిడ్డా?”

“వెనక తలుపు ఎక్కడున్నదా అని చూసిన సార్,” అంది. “చుట్టుముట్టు తిరిగి వెతికిన. తర్వాత చూస్తె ముందటి ర్యాంప్‌కు అడ్డమే లేదు, వెనక తలుపుతోని నాకు పనే పడలేదు. ముందట నుంచే వచ్చిన.”